కాలనీ గ్రహం మీద యుద్ధం: రాసినవాళ్ళు, రాసి చించేసినవాళ్ళు, మీ అనుభవాలు చెప్పండి

చిత్తుప్రతి:
నవల ఇరవయ్యో పేజీ దగ్గర ఆగి మూడు నెలలైంది. సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా. దాని చుట్టూ తిరిగే ప్రాక్సిమా బి అనే గ్రహం మీద మనుషుల కాలనీ, అక్కడి గ్రహాంతరవాసులతో యుద్ధం. మూడు సందేహాలు. యుద్ధానికి కారణం ఏం పెట్టారు? నీళ్ళు, ఖనిజాలు చదివి చదివి విసుగొచ్చింది. రెండోది, వాళ్ళ ఆయుధాలు మనకంటే గొప్పవైతే మొదటిరోజే కథ అయిపోతుంది, నాసివైతే అది యుద్ధమే కాదు, ఊచకోత. దీన్నెలా సర్దారు? మూడోది ముగింపు. "తెల్లవారుజామున దాడి" అన్న అధ్యాయం ఒక్కటే బాగా కుదిరింది. దాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ అల్లుతున్నాను.

ఉల్కాపాతం:
నీళ్ళు మాత్రం వద్దు. నేను రాసి నవ్వులపాలయ్యాను. మన సౌరకుటుంబంలోనే, గురుగ్రహపు చందమామ యూరోపా మంచు పొర కింద భూమ్మీది సముద్రాలన్నిటికంటే ఎక్కువ నీరుందని అంచనా. తోకచుక్కల నిండా మంచే. నక్షత్రాలు దాటే ఓడలున్నవాళ్ళు బిందె పట్టుకుని ఇంకొకరి గుమ్మం ముందు కొట్లాడతారా అని ఒకాయన ఉత్తరం రాశాడు. ఇప్పటికీ దాచుకున్నాను.

గురుత్వం:
తెల్లవారుజామున దాడా? ప్రాక్సిమా బి మీదా? ముందు ఆ అధ్యాయం చింపండి. ఆ గ్రహం తన నక్షత్రానికి 73 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. దాని ఏడాది 11.2 రోజులు. అంత దగ్గరుంటే టైడల్ లాకింగ్ అయిపోతుంది, చందమామ మనకి ఒక ముఖమే చూపించినట్టు. ఒక పక్క ఎప్పుడూ పగలే, ఇంకో పక్క ఎప్పుడూ రాత్రే. ఇక తెల్లవారేదెక్కడ? ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఇలాంటిది కనిపిస్తే పుస్తకం అక్కడే మూసేస్తాను.

బుధవారం:
మాస్టారూ, "లాక్ అయ్యుండొచ్చు" అనండి, "అయిపోతుంది" అనకండి. బుధుడి గురించి కూడా 1965 దాకా అందరూ ఇదే మాట చెప్పారు. రాడార్‌తో చూస్తే, సూర్యుడి చుట్టూ రెండుసార్లు తిరిగేలోగా తన చుట్టూ తాను మూడుసార్లు తిరుగుతోందని తేలింది.

గురుత్వం:
బుధుడి కక్ష్య బాగా కోలగా ఉంటుంది కాబట్టి అది సాధ్యమైంది. ప్రాక్సిమా బి కక్ష్య కోలగా ఉందని మీకెవరు చెప్పారు?

బుధవారం:
లేదని మీకెవరు చెప్పారు?

రేషన్‌లెక్క:
మీరిద్దరూ తేల్చుకోండి. రెండో ప్రశ్నకి నా జవాబు, ఆయుధాలు అనవసరం. నా కథలో శత్రువు తూటా ఒక్కటి కూడా పేల్చడు, కాలనీని చుట్టుముట్టి కూర్చుంటాడు. అమెరికాలో 1991లో ఎనిమిది మంది బయోస్ఫియర్ 2 అనే అద్దాల గూట్లోకి వెళ్ళి రెండేళ్ళకి తలుపు వేసుకున్నారు. మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తాగేశాయి, అవి వదిలిన బొగ్గుపులుసు వాయువుని కాంక్రీటు గోడలు పీల్చేసుకున్నాయి. మొక్కలకి అందాల్సింది గోడల పాలైంది. 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ సుమారు 14కి దిగింది. చివరికి బయటినుంచి పంపు చేయాల్సి వచ్చింది. నేను ఆ గోడనే విలన్ చేశాను. కాలనీ పెద్ద మెట్లెక్కుతూ నాలుగో మెట్టు మీద ఆగిపోతాడు, ఎందుకో ఆయనకే అర్థం కాదు. ఆ ఒక్క సీనుకి వచ్చినన్ని ఉత్తరాలు నా పేలుళ్ళ కథలన్నిటికీ కలిపి రాలేదు.

గురుత్వం:
బొగ్గుపులుసు వాయువు! మా తాతగారి పాఠ్యపుస్తకం గుర్తొచ్చింది.

రేషన్‌లెక్క:
మీ తాతగారైతే కథ చదివి మాట్లాడేవారు.

ప్రూఫులపురుగు:
అసలు సంగతి ఎవరికీ పట్టలేదు. చిత్తుప్రతి గారూ, మీ మనుషులు వెళ్ళి దిగింది వాళ్ళ గ్రహం మీద. అక్కడ గ్రహాంతరవాసులు ఎవరు? మనమే కదా! వాళ్ళ నేల మీద వాళ్ళని ఆ మాటతో పిలిచే హక్కు మీ కథకుడికి ఎవరిచ్చారు?

ఇక నా ఏడుపు వినండి. నా కథ మొదట్లో సైనికులు వాళ్ళని "అవి" అంటారు. అవి వచ్చాయి, అవి కాల్చాయి, అవి చచ్చాయి. మధ్యలో ఒక చోట, గాయపడిన మనిషి పక్కన వాటిలో ఒకటి రాత్రంతా కూర్చుంటుంది. పొద్దున కాపలావాడు పైకి కబురు పంపుతాడు, "వాళ్ళు వెళ్ళిపోయారు" అని. అంతే. ఆ "రు" కోసమే కథంతా రాశాను. పత్రికవాళ్ళు ఏకరూపత లేదని మొదటి పేజీ నుంచీ అన్నీ "వచ్చారు" చేసి అచ్చేశారు. పేరు చెప్పను. సంచిక ఇప్పటికీ విప్పి చూడలేదు.

ఉల్కాపాతం:
నిజం చెప్పనా, అంత చిన్న అక్షరం పాఠకుడు గమనించడు.

ప్రూఫులపురుగు:
నీళ్ళ కోసం యుద్ధం చేయించినవాళ్ళు పాఠకుడి గురించి చెప్పకండి.

ఏకవచనం:
నేను గమనిస్తాను. ఇంకొకటి, గ్రహాంతరవాసులు తెలుగులో నోరు విప్పితే చాలు గ్రాంథికం. "ఓ మానవులారా, మీ అంతము సమీపించినది." ఎందుకని? దగ్గర్లోని కాలనీవాళ్ళ మాటలు విని నేర్చుకున్నవాడికి వచ్చేది వంటింటి తెలుగు, వర్క్‌షాపు తెలుగు. నా దుబాసీ మొదట నేర్చుకున్న మాట "జరుగు". ఎందుకంటే వాడికి మనవాళ్ళు రోజూ చెప్పిన మాట అదొక్కటే.

మూడో ప్రశ్నకి నా జవాబు కూడా అక్కడే ఉంది. వాడికి "మేము", "మనం" తేడా తెలియదు. సంధి చర్చల్లో "ఈ లోయలో మనం ఉంటాం" అంటాడు. మనవాళ్ళ సగం మంది అది తప్పు తెలుగు అనుకుంటారు, సగం మంది ఒప్పందం అనుకుంటారు. యుద్ధం ఆగిపోతుంది. వాడేమనుకుని అన్నాడో కథలో చెప్పలేదు. నాకూ తెలియదు.

ప్రూఫులపురుగు:
పాదాలు చూపించండి సార్, దణ్ణం పెడతాను.

గురుత్వం:
వ్యాకరణంతో యుద్ధాలు ఆగవు. భౌతికంగా ఆలోచించండి. వోయేజర్ 1 వ్యోమనౌక సెకనుకి 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో ప్రాక్సిమా చేరడానికి సుమారు 75 వేల ఏళ్ళు. అంటే మీ ఓడ వేగం దానికి వేల రెట్లుండాలి. కిలో రాయి కాంతి వేగంలో పదో వంతుతో వచ్చి తగిలితే హిరోషిమా బాంబుకి ఏడు రెట్లు. అలాంటి ఓడ నడిపేవాడికి తుపాకులెందుకు? పైనుంచి రాళ్ళు వదిలితే సరి.

రేషన్‌లెక్క:
రాళ్ళు వదిలాక కాపురం ఎక్కడ పెడతారు? కావాల్సింది ఆ నేలే కదా. అందుకే కిందికి దిగి బురదలో కొట్టుకోవాలి. చిత్తుప్రతి గారూ, మీ రెండో ప్రశ్నకి అదీ జవాబు. ఇద్దరి దగ్గరా పెద్ద ఆయుధం ఉంటుంది, ఇద్దరూ వాడలేరు.

నిద్రరాదు:
నా నవలలో కమాండర్ ప్రాక్సిమా నుంచి భూమికి మాట్లాడి, అదే రాత్రి అదనపు బలగాలకి అనుమతి తీసుకున్నాడు. కాంతికే 4.24 ఏళ్ళు పడుతుందని అచ్చయ్యాక తెలిసింది. అడిగి జవాబు వినేసరికి ఎనిమిదిన్నర ఏళ్ళు! రెండో ముద్రణలో ఆ జవాబు కమాండర్ కూతురు వింటుందని మార్చాను. తప్పు దిద్దుకోబోతే అదే నవలకి గుండెకాయ అయింది.

బుధవారం:
నేనింకా తెల్లవారుజాము దగ్గరే ఉన్నాను. బుధుడి మూడుకి రెండు లెక్కే తీసుకుంటే అక్కడ పగలూ రాత్రీ కలిపి 22.4 రోజులు. ఆకాశంలో ఆ నక్షత్రం మన సూర్యుడికి మూడింతల వెడల్పు కనిపిస్తుంది. గ్రహం నడుమ, మధ్యరేఖ దగ్గర నిలబడితే, అంచు తొంగి చూసిన క్షణం నుంచి పూర్తి బింబం పైకొచ్చేదాకా రెండున్నర గంటలు. దాడి మొదలై, ఓడిపోయి, శవాలు లెక్కపెట్టుకునేసరికి కూడా ఇంకా తెల్లవారుతూనే ఉంటుంది.

గురుత్వం:
గంటకి 0.67 డిగ్రీలు, బింబం 1.7 డిగ్రీలు. లెక్క సరిపోయింది. వాతావరణంలో వెలుగు వంగడం కలపలేదు. కక్ష్య కోల అన్నది మాత్రం నేను ఒప్పుకోను.

ఉల్కాపాతం:
మాస్టారు సరిపోయిందన్నారు! ఈ రోజు పండగే.

చిత్తుప్రతి:
అందరికీ థాంక్స్. అధ్యాయం చింపడం లేదు, రెండున్నర గంటలకి సాగదీస్తున్నాను. "గ్రహాంతరవాసులు" నలభై ఒక్క చోట్ల ఉంది, తీసేస్తున్నాను. కాలనీ పిల్లలు వాళ్ళని ఏమని పిలుస్తారో ఇంకా తోచలేదు. కారణం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏకవచనం:
"జరుగు" చాలదా?

గురుత్వం:
ఒక్కమాట. ప్రాక్సిమా లాంటి చిన్న నక్షత్రాన్ని ఎర్ర మరుగుజ్జు అంటారని ఆ తెల్లవారుజాముని నెత్తురు రంగులో ముంచకండి. దాని ఉపరితలం సుమారు 3000 కెల్విన్లు, అంటే పాత ఫిలమెంటు బల్బు వెలుగు.

చిత్తుప్రతి:
మొదటి వాక్యమే "నెత్తురు రంగు ఆకాశం" అండీ.