కడప యూనివర్సిటీ ప్రేమకథ స్క్రిప్టు: ఇంటర్వెల్ తర్వాత పల్చబడుతోంది, సలహా కావాల

పాలకొండ నీడ:

యూట్యూబ్‌కు యాభై నిమిషాల సినిమా రాస్తాండాం. కథ కడపలో జరుగుతాది. అమ్మాయి షహనాజ్, ఎమ్మెస్సీ బాటనీ, యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాది. మైదుకూరు పక్క దూదేకుల వాళ్ల ఇల్లు. అబ్బాయి శ్రీకాంత్, ఎమ్మే చరిత్ర, ప్రొద్దుటూరులో మగ్గం నేసే ఇంటి పిల్లోడు. ఇద్దరికీ భక్తి ఉండాది. ఆ పాప ఐదు పూటలా నమాజు చేస్తాది, వాడు శనివారం ఒక్కపొద్దు ఉంటాడు.

మొదటి సగం లైబ్రరీ, బస్సు, ఫీల్డ్ ట్రిప్‌తో బాగానే నడుస్తాది. పెద్దోళ్లకు తెలిసినాక అంతా అరుపులు, ఏడుపులే. చదివినోళ్లు ఇది శానాసార్లు చూసిందే అంటాండారు. చివర్లో రిజిస్టర్ మ్యారేజి పెట్టినాం, పొద్దున పారిపోతారు, సాయంత్రానికి దండలు మార్చుకుంటారు. రెండో సగాన్ని ఎట్ల గట్టి చెయ్యాల? నమాజు, గుడి సీన్లలో తప్పులు పోకుండా ఏం చూసుకోవాల? తెలిసినోళ్లు చెప్పండన్నా.

ఒకటో డ్రాఫ్టు:

తమ్ముడూ, రెండో సగం పల్చబడడానికి కారణం మొదటి సగంలోనే ఉండాది. వాళ్లకు భక్తి ఉందని నువ్వు చెప్తాండావు గానీ ఆ భక్తి వల్ల కథలో ఒక్క పనీ జరగడం లేదు. నమాజు ఒక షాటు, గుడి ఒక షాటు, అంతే. ఆ రెండు షాట్లు తీసేసినా ప్రేమకథ అట్లనే నడుస్తాది. అందుకే పెద్దోళ్లు వచ్చి మతం అన్నప్పుడు అది బయట నుంచి పడిన రాయి అవుతాది.

భక్తిని టైముతో ముడిపెట్టు. మగ్రిబ్ నమాజు సూర్యుడు మునిగినాక మొదలై సుమారు గంటా పావు దాకానే ఉంటాది, ఐదింటిలో తక్కువ వ్యవధి ఉండేవాటిలో అదొకటి. క్యాంపస్ నుంచి టౌనుకు బస్సు సరిగ్గా ఆ టైముకే పోతాదని పెట్టుకో. ఆ పాప రోజూ ఆ బస్సు వదిలేసి తర్వాతది ఎక్కుతాది. ఎందుకో ఎవరికీ చెప్పదు. వాడు అది గమనించి, అడక్కుండా, తనూ తర్వాత బస్సుకు ఆగడం మొదలుపెడితే ప్రేమ అక్కడ పుట్టినట్టు. డైలాగు అక్కర్లేదు.

రంజాన్ నెలలో శనివారాలు నాలుగో ఐదో వస్తాయి. ఆ పాప రోజాలో (రంజాన్ ఉపవాసంలో) ఉంటాది, వాడు ఒక్కపొద్దులో ఉంటాడు. మాపటేల దీపం పెట్టినాక వాడు తింటాడు, మునిమాపు అజాన్‌కు ఆ పాప ఖర్జూరం నోట్లో వేసుకుంటాది. ఇద్దరి ఆకలీ ఒకే గడియకు తీరుతాది. సినిమాకు గుండెకాయ లాంటి సీను అది, దాన్ని మూడు నిమిషాల కన్నా తగ్గించొద్దు.

రెండో సగానికి కడప నీకు ఉచితంగా ఇచ్చిన వస్తువు ఒకటి ఉండాది. ఉగాది రోజు ముస్లింలు దేవుని కడప లక్ష్మీ వెంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి మాకు అల్లుడు అని వాళ్ల నమ్మకం. షహనాజ్ నాయనను ఆ గుడికి ఏటా పోయే మనిషిని చెయ్యి. కొబ్బరికాయ కొట్టించి, తీర్థం తీసుకుని, అల్లుడిని చూసొచ్చిన తృప్తితో ఇంటికొస్తాడు. అదే మనిషి కూతురు విషయంలో ఒప్పుకోడు. ఆయన్ను అరిపించొద్దు. ఆయన భక్తీ నిజమే, కాదనడమూ నిజమే. అట్లనే శ్రీకాంత్ అమ్మ పెద్దదర్గాలో పూల చాదర్ సమర్పించి, పిల్లోడికి తాయెత్తు కట్టించుకొచ్చిన మనిషి అయి ఉండాల. మన జిల్లాల్లో దర్గాకు, గుడికి కలిసి పోయేవాళ్లు పెళ్లి దగ్గర నిలిచిపోతారు. నీ సినిమా చెప్పాల్సింది ఆ నిలిచిపోయే చోటును. వేరే ఊర్లలో తీసిన కథల్లోని గోడను తెచ్చి ఈడ పెడితే అతకదు.

క్యాలెండర్ జాగ్రత్త. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండగ మార్చి 31న వచ్చినాయి. కథను ఆ సంవత్సరంలో పెడితే ఉపవాసం చివరి రోజు, దేవుని కడప ఉగాది ఒకే రోజు పడతాయి. ఆ నాయన రోజాలో ఉండి గుడికి పోతాడు, తీర్థం గుక్కెడు కూడా మింగలేడు, సీసాలో పోయించుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. ఎంత బరువైన చిత్రమో చూడు. కానీ కథను రెండేండ్లు సాగదీస్తే లెక్క మారుతాది. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతాది. ఉగాదిని లెక్కగట్టే పంచాంగంలో అప్పుడప్పుడు అధికమాసం కలపడం వల్ల అది మార్చి, ఏప్రిల్ దాటి పోదు.

స్టాంపు కాగితం:

రిజిస్టర్ మ్యారేజి సీను చట్టం ప్రకారం కుదరదు, మార్చక తప్పదు. ఇద్దరూ మతం మారకుండా పెళ్లి చేసుకోవాలంటే ప్రత్యేక వివాహ చట్టం, 1954 ఒక్కటే దారి. దాంట్లో ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చే జిల్లాలో ఇద్దరిలో ఒకరైనా అప్పటికి కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. హాస్టల్లో ఉంది కాబట్టి షహనాజ్‌కు కడప సరిపోతుంది. వివాహ అధికారి ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనపడే చోట అంటిస్తారు. 30 రోజులు గడిచాక, అభ్యంతరాలు నిలవకపోతే, ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి. నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపు చేసుకోకపోతే మళ్లీ కొత్త నోటీసు ఇవ్వాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండి ఉండాలి.

ఆ 30 రోజులే మీ రెండో సగం. గోడ మీద రెండు పేర్లు, ఇద్దరి అడ్రసులు. ఆఫీసుకు రిజిస్ట్రేషన్ పని మీద వచ్చే ఎవరైనా చదవొచ్చు. ఇంకో సూచన: శ్రీకాంత్‌ది ప్రొద్దుటూరు బదులు ధర్మవరం చేయండి. అక్కడా మగ్గాలే కాబట్టి కథ చెడదు, జిల్లా మాత్రం మారుతుంది. శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతిని ఆ జిల్లా వివాహ అధికారికి పంపాలి, అక్కడి ఆఫీసులో కూడా అంటించాలి. కడపలో ఎవరూ చూడలేదని వీళ్లు ఊపిరి పీల్చుకునే రోజుకు అక్కడ ఒకరు చదివి ఉంటారు.

మతాలు వేరన్నది అభ్యంతరంగా చెల్లదు. ముందే పెళ్లయి భార్యో భర్తో బతికుండటం, వయసు చాలకపోవడం, సమ్మతి చెప్పలేని మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం, ఇలాంటివే చెల్లుతాయి. కాబట్టి బంధువు ఆఫీసుకు వచ్చి మతం పేరుతో పెళ్లి ఆపేయించే సీను రాయకండి. అతను నోటీసు చదివి, మాట్లాడకుండా వెళ్లి, ఇంట్లో చెప్తాడు. ప్రమాదం అక్కడి నుంచే వస్తుంది.

ఇతర దారులు చూపిస్తే వాటి అర్థం కూడా చూపించాలి. నిఖా చేసుకోవాలంటే అబ్బాయి ఇస్లాం తీసుకోవాలి. ఆర్యసమాజంలో అయితే అమ్మాయికి శుద్ధి చేసి హిందువుగా పెళ్లి జరిపిస్తారు. స్నేహితులు త్వరగా అయిపోతుందని ఆ దారే చూపిస్తారు. ఇద్దరికీ నిజమైన భక్తి ఉంటే ఎవరు వదులుకోవాలన్న ప్రశ్న అక్కడే పుడుతుంది, 30 రోజుల కష్టాన్ని వాళ్లు తెలిసి ఎంచుకుంటారు.

అబ్బాయి నాన్నకు ఒక నిజమైన భయం కూడా ఇవ్వొచ్చు. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద వేరే మతం వారిని పెళ్లాడితే ఆ కుటుంబం నుంచి విడిపోయినట్టే లెక్క. అతని వాటా పోదు, కానీ ఇల్లు, మగ్గాలు ఉమ్మడిగా ఉన్న చోట ఆ మాట తండ్రికి ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

నూలు కండె:

షహనాజ్ ఇంట్లో మాటల గురించి ఒక మాట. దూదేకుల ఇళ్లలో ఎక్కువగా ఇంటి భాష తెలుగే. అమ్మ పాత్రకు ఉర్దూ డైలాగులు రాసి ఉంటే తీసెయ్యండి, మైదుకూరు తెలుగు మాట్లాడించండి. ఉర్దూ కావాలనే ఉంటే వాళ్లను కడప టౌనులో షేకులనో పఠాన్లనో చెయ్యండి, అప్పుడు కూడా దక్కనీ (మన పక్క ఉర్దూ యాస) రాయాల. ‘నక్కో’, ‘హౌ’, ‘కైకు’ వినపడాల. లక్నో ఉర్దూ ఈడ ఎవురూ మాట్లాడరు.

నమాజు సీన్లలో కెమెరావాళ్లు ఎక్కువగా పడే తప్పు వెలుతురు. మనకు కిబ్లా (నమాజుకు తిరగాల్సిన దిక్కు) పడమర, రొంత ఉత్తరానికి. ఫజర్ నమాజు సూర్యోదయానికి ముందే అయిపోవాల. బంగారు ఎండ మొహం మీద పడుతుంటే ఫజర్ చేస్తున్నట్టు తీస్తే రెండు తప్పులు ఒకేసారి: టైము దాటిపోయింది, తిరిగిన దిక్కూ వేరు. మగ్రిబ్ అయితే పడమటి ఆకాశపు వెలుగు ఎదురుగా మొహం మీద పడుతాది. కానీ మన దగ్గర ఆ వెలుగు ఇరవై నిమిషాలకు మించి నిలవదు. రిహార్సల్ అంతా ముందే చేసుకుని, సూర్యుడు మునిగినాక రెండు టేకులకే సిద్ధపడండి.

గోళ్ల రంగుతో వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ మొహం కడుక్కోవడం) చేయించొద్దు, నీళ్లు గోటికి తగలకపోతే వజూ కాదు. హీరోయిన్ ఆ రోజంతా రంగు లేకుండా ఉండాల, లేకుంటే పక్క సీనుతో కంటిన్యూటీ పోతాది. మగ్రిబ్‌లో ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు, అంటే నమాజు ఆవృత్తులు, మూడు. పూర్తిగా చూపించక్కర్లేదు గానీ, ఎడిటింగులో నిలబడడం, వంగడం, సజ్దా (నుదురు నేలకు ఆనించడం) వరుస తారుమారు కాకూడదు. నటికి నమాజు రాకపోతే తెలిసిన ఆడమనిషిని సెట్లో పెట్టుకోండి.

ఒకటో డ్రాఫ్టు అన్న చెప్పిన దేవుని కడప సీను రాసుకోండి, నటులతో మాత్రం ఉగాది నాడు తీయొద్దు. దర్శనానికి వచ్చినోళ్ల మొహాలు కథలో ఇరుక్కుంటాయి, అది వాళ్లకు మర్యాద కాదు. ఆ రోజు దేవస్థానం అనుమతితో దూరం నుంచి గోపురం, వరసలో కాళ్లు, టెంకాయలు తీసుకోండి. నాయన పాత్రను ఇంకో మామూలు రోజు తెల్లవారుజామున గుడి బయట తీసి కలుపుకోండి.

పాలకొండ నీడ:

ధర్మవరం మార్పు, నోటీసు రెండూ పెట్టేస్తాండాం. శానా థాంక్స్. క్యాంపస్‌లో తీయడం ఎట్ల? మగ్రిబ్ అజాన్ వినపడుతుండగా వాళ్లిద్దరూ బస్టాపులో మాట్లాడే సీను ఉండాది, సౌండ్ అప్పటికప్పుడే పట్టుకోవచ్చా?

బూమ్ కర్ర:

వద్దు. మసీదులన్నీ ఒకే క్షణాన అజాన్ మొదలుపెట్టవు, ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఆ శబ్దంతో డైలాగు తీస్తే ఎక్కడ కట్ చేసినా అజాన్ ఎగురుతుంది, ఇంకో యాంగిల్‌తో కలవదు. డైలాగును నిశ్శబ్దంగా తీసుకోండి. అజాన్ విడిగా రికార్డు చేసి ఎడిటింగులో ఒకే ముక్కగా కింద పరవండి. మసీదు కమిటీని అడిగి, రెండు వీధుల దూరం నుంచి, మొదటి నుంచి చివరి దాకా పట్టుకోండి. ఫజర్ అజాన్‌లో నిద్ర కన్నా నమాజు మేలు అనే వాక్యం అదనంగా ఉంటుంది. దాన్ని తెచ్చి సాయంత్రం సీనులో వేస్తే ముస్లిం ప్రేక్షకులు వెంటనే పట్టేస్తారు.

రికార్డరు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గట్టి మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి. దుపట్టా కింద కాలర్ మైకు పెడితే గుడ్డ రాపిడి వస్తుంది, మైకుకు రెండు వైపులా మెడికల్ టేపు వేసి బట్టకు గట్టిగా అంటించండి. ప్రతి లొకేషన్‌లో ఒక నిమిషం ఊరికే నిలబడి గది శబ్దం తీసుకోండి. లైబ్రరీ సీన్లలో ఫ్యాన్లు ఆపాల్సిందే. ట్యూబ్‌లైట్లు మిణుకుమంటే 25 ఫ్రేములకు షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి.

క్యాంపస్ అనుమతికి రిజిస్ట్రార్ పేరిట అర్జీ ఇవ్వాలి. ఒక పేజీ కథా సారాంశం, తేదీలు, గంటలు, మనుషుల సంఖ్య, సామాను జాబితా జతచేయండి. సెమిస్టర్ పరీక్షల రోజులు వదిలేయండి. సినిమాలో యూనివర్సిటీకి కల్పిత పేరు పెట్టి, అసలు బోర్డు కనపడకుండా మీ బోర్డు తగిలించండి. లేడీస్ హాస్టల్ లోపలికి అనుమతి ఆశించొద్దు, అద్దె గదిలో రెండు ఇనుప మంచాలు, ఒక బీరువా పెడితే సరిపోతుంది. సహరీ (రోజాకు ముందు తెల్లవారుజామున తినే తిండి) సీనుకు హాస్టల్ మెస్ ఆ వేళకు తెరిచి ఉన్నట్టు చూపించకండి. రాత్రే మూతపెట్టి దాచుకున్న పెరుగన్నం, అరటిపండు, ఫోన్ వెలుగులో, రూమ్మేటు లేవకుండా తినాలి.

పాటల విషయం కూడా ఇప్పుడే తేల్చుకోండి. అన్నమయ్య కడపరాయుడి (దేవుని కడప స్వామి) మీద రాసిన కీర్తనల సాహిత్యానికి హక్కుల గొడవ లేదు. కానీ ఇప్పుడు మనం వినే బాణీలు చాలావరకు తర్వాతి కాలం వాళ్లు కట్టినవి, రికార్డింగులకు కంపెనీలు ఉన్నాయి. సీడీ నుంచి తీసి వాడితే యూట్యూబ్ క్లెయిమ్ పడుతుంది. సాహిత్యం తీసుకుని కొత్త బాణీ కట్టించుకుని, మీ గాయనితో తంబురా మీద పాడించుకోండి. యూట్యూబ్‌కు సెన్సార్ అక్కర్లేదు. తర్వాత థియేటర్లో వేసే ఆలోచన ఉంటే సర్టిఫికెట్ కావాలి. 2023 సవరణ తర్వాత యూఏ (పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్) మూడు వయసులుగా విడిపోయింది, 7, 13, 16. గాయనితో, నటులతో రాతపూర్వక ఒప్పందాలు రాసుకుని, షూటింగు మొదటి రోజే సంతకాలు పెట్టించుకోండి.