కారు లేకుండా పైక్ ప్లేస్ మార్కెట్‌కు ఒక్కదాన్నే వెళ్లి రాగలనా?

తెనాలి టీచరమ్మ:
అందరికీ నమస్కారం. సియాటిల్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చి నెలైంది. ఉండేది నార్త్‌గేట్‌లో, రైలు స్టేషన్ నడిచేంత దూరమే. పొద్దున్నే పిల్లలు ఆఫీసుకు పోతే సాయంత్రం దాకా గోడలూ నేనూ. పైక్ ప్లేస్ మార్కెట్ చూడాలని ఉంది. "శనివారం కార్లో తీసుకెళ్తాం" అంటారు. తీరా శనివారం వచ్చాక "అక్కడ పార్కింగ్ దొరకదమ్మా" అంటారు. నాకు 66 ఏళ్లు, మోకాళ్లు అంతంతమాత్రం. వెళ్లగలనా?

రవి_సియాటిల్:
నిక్షేపంగా వెళ్లొచ్చు ఆంటీ. లైట్ రైల్ ఎక్కి వెస్ట్‌లేక్‌లో దిగండి. టికెట్ 3 డాలర్లు. మీకు 65 దాటాయి కాబట్టి రాయితీ ఓర్కా కార్డు (ఇక్కడి రైలు, బస్సు కార్డు) తీసుకుంటే 1 డాలరే. అసలు అక్కడికి కారే దండగ. 2025 ఏప్రిల్‌లో మార్కెట్ వీధిలోకి మామూలు కార్లు రాకుండా ఆపి చూడటం కూడా మొదలుపెట్టారు.

బెజవాడ అమ్మమ్మ:
టీచరుగారూ, నేను పోయిన వేసవిలో మూడుసార్లు ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. మొదటిసారి స్టేషన్లో గేటు కోసం వెతికాను. గేట్లే ఉండవండి! పసుపు యంత్రానికి కార్డు ఆనించి ఎక్కాలి. అది తెలీక ఊరికే ఎక్కేశాను. మధ్యలో ఒకావిడ వచ్చి కార్డు అడిగేసరికి చెమటలు పట్టేశాయి. పాపం, ఎలా చేయాలో చెప్పి వదిలేసింది.

వెస్ట్‌లేక్ నుంచి పైన్ వీధిలో సముద్రం వైపు దిగుతూ పోవడమే. పోయేటప్పుడు హాయి, వచ్చేటప్పుడు అదంతా ఎక్కాలి. నేను చెర్రీలు, పూలగుత్తి, పెద్ద తేనె సీసా కొని, రెండో అవెన్యూ మూల మీద ఒక గోడ అంచున కూలబడ్డాను. బరువులు కొనకండి.

శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజున తొమ్మిదికల్లా ఉండండి. ఆలస్యమైతే అమ్మేవాళ్లు చేపలు ఒకరికొకరు విసురుకునే కొట్టు ముందు జనం తప్ప చేప కనపడదు. 1907లో ఈ మార్కెట్ పెట్టిందే ఉల్లి ధర మండిపోయి, దళారులు లేకుండా రైతులే అమ్ముకోవాలని. ఉల్లి సంగతి మనకు ఒకరు చెప్పాలా! "మొదటి స్టార్‌బక్స్" అని అక్కడో పెద్ద క్యూ ఉంటుంది, నిలబడకండి. 1971లో తెరిచిన అసలు కొట్టు వెస్టర్న్ అవెన్యూలో ఉండేది. చూయింగ్ గమ్ గోడ ఒకటుంది, జనం నమిలి అంటించినదే. నాకు కడుపులో తిప్పింది, మీ ఇష్టం. బాత్రూములు కింది అంతస్తుల్లో.

తెనాలి టీచరమ్మ:
సముద్రం ఒడ్డుకు దిగాలంటే మెట్లేనా?

రవి_సియాటిల్:
మార్కెట్ నుంచి ఒడ్డుకు దిగే నడకదారి ఉంది, 2024 అక్టోబరులో తెరిచిన ఓవర్‌లుక్ వాక్. దాని మీదుగా వెళ్లండి. మెట్లతో పాటు లిఫ్ట్ కూడా ఉంది.

తెనాలి టీచరమ్మ:
అయితే బుధవారం ఖాయం. అమ్మాయికి మాత్రం వచ్చాకే చెబుతా.

బెజవాడ అమ్మమ్మ:
అయ్యో, అలా చేయకండి! నేనూ చెప్పకుండానే వెళ్లా. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఇంటికొచ్చేసరికి అల్లుడు పోలీసులకు ఫోన్ చేయబోతున్నాడు.