హంగ్ అసెంబ్లీ వస్తే, అంటే ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే, ప్రభుత్వ ఏర్పాటుకు గవర్నర్ మొదట ఎవరిని పిలవాలి?

నమస్కారం. రాజ్యాంగం బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఈ విషయం కాస్త విడమరిచి చెప్పగలరా?

2017లో గోవాలో 40 సీట్లకు కాంగ్రెస్‌కు 17, బీజేపీకి 13 వచ్చాయి. అయినా చిన్న పార్టీలను, ఇండిపెండెంట్లను కూడగట్టుకున్న బీజేపీ నేత పారికర్‌నే గవర్నర్ పిలిచారు. మరుసటి ఏడాది కర్ణాటకలో కాంగ్రెస్, జేడీఎస్ కలిసి మెజారిటీ చూపించినా, 104 సీట్లతో అతి పెద్ద పార్టీ అయిన బీజేపీకే ముందు అవకాశం దక్కింది. పైగా బలనిరూపణకు 15 రోజుల గడువు! సుప్రీంకోర్టు దాన్ని కుదించాక బీజేపీ ముఖ్యమంత్రి యడియూరప్ప ఓటింగ్‌కు ముందే రాజీనామా చేశారు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పద్ధతి అంటే, ఓటేసిన మనిషిగా నాకు చాలా బాధగా ఉంది.

కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన సర్కారియా కమిషన్ ఒక వరుస చెప్పింది కదా: మొదట ఎన్నికలకు ముందే కుదిరిన పొత్తు, తర్వాత ఇతరుల మద్దతున్న అతి పెద్ద పార్టీ, ఆ తర్వాతే ఫలితాలు వచ్చాక చేతులు కలిపిన పార్టీలు. గవర్నర్ దీన్ని పాటించి తీరాలా, లేక ఇది సలహా మాత్రమేనా? 164వ అధికరణ చదివితే ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారనే ఉంది, ఈ వరుస లేదు.

ఇంకొకటి. కూటమిలోంచి ఒక పార్టీ మొత్తంగా బయటికి వచ్చేస్తే ఫిరాయింపుల చట్టం వర్తిస్తుందా? సంబంధించిన తీర్పుల పేర్లు చెప్పినా చాలు, చదువుకుంటాను.