కొత్త ఆలోచనలకు అడ్డం మేనేజరా, హోదాలా?

పాత టెస్టర్:
మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పదకొండు మందిమి. నా పైన లీడ్, ఆయన పైన మేనేజర్, ఆ పైన డెలివరీ హెడ్. పోయిన నెల రివ్యూలో, కొత్తగా చేరిన అమ్మాయి ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాసుకొచ్చి చూపించింది. రోజూ గంటసేపు చేత్తో చేసే రిపోర్టు దాంతో రెండు నిమిషాల్లో వచ్చేస్తోంది. మేనేజర్ లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే "ముందు నీకిచ్చిన టికెట్లు క్లోజ్ చెయ్యమ్మా" అన్నాడు. ఇప్పుడు "ఐడియాలు చెప్పండి" అంటే అందరం మ్యూట్‌లోనే. ఈ మెట్లు తీసేస్తే తప్ప బాగుపడదని నా వాదన.

స్టార్టప్ బాధితుడు:
మెట్లు లేనిచోట రెండేళ్లు చేశానండీ. సార్ లేదు, మేడమ్ లేదు, అందరినీ పేరు పెట్టి పిలవడమే. కానీ ఎవరు ఏం చెప్పినా అందరి చూపూ ఫౌండర్ మొహం మీదే. ఆయన కనుబొమ్మ ముడిపడిందా, ఆ ఐడియా పోయినట్టే. కాదన్నదెవరో తెలిస్తే కదా వెళ్లి అడగడానికి! ఒక బటన్ ఎక్కడ పెట్టాలో తేలడానికి మూడు వారాలు పట్టింది. మీ మేనేజర్ కనీసం మొహం మీద చెప్పాడు.

పాత టెస్టర్:
పదిమందిలో చెప్పాడు. అదే కదా నా బాధ.

నెల్లూరు వాడిని:
మా జిల్లా వాళ్లకి శ్రీహరికోట కబుర్లు అలవాటే, కాస్త ఓర్చుకోండి. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం. విలేకరుల ముందు కూర్చుని బాధ్యత నెత్తిన వేసుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక మాట్లాడమని కలాంనే పంపారు. ఈ సంగతి కలాం గారే చాలాసార్లు చెప్పారు. ఇస్రోలో మెట్లు తక్కువా? తప్పు జరిగితే తిట్లు ఎవరు తింటారన్నది తెలిసిన టీమే ధైర్యంగా కొత్తది ప్రయత్నిస్తుంది.

స్టార్టప్ బాధితుడు:
అందరికీ ధావన్ దొరుకుతారా? దొరికినా, ఆయన రిటైరయ్యాక?

షాప్‌ఫ్లోర్ అక్క:
అందుకే పద్ధతి ఉండాలనేది. టొయోటాలో క్రమశిక్షణ తక్కువేం కాదు. అయినా లైన్ మీద కార్మికుడికి తేడా కనిపిస్తే తాడు లాగొచ్చు. టీమ్ లీడర్ పరుగున వస్తాడు, అప్పటికీ సర్దుకోకపోతే లైన్ ఆగుతుంది. అది చూసి మా ప్లాంట్‌లోనూ తాడు కట్టారు. మొదట్లో ఒక్కరూ ముట్టుకోలేదు. ఎందుకంటే వచ్చిన సూపర్‌వైజర్ అడిగే మొదటి మాట "ఎవడ్రా లాగింది?" తాడు కట్టడానికి ఒక్క పూట చాలు, ఆ మాట మాన్పించడానికే ఏడాది పట్టింది.

పాత టెస్టర్:
ఒకటి చెప్పడం మర్చిపోయాను. ఆ స్క్రిప్టునే ఇప్పుడు మా లీడ్ వాడుతున్నాడు. మొన్న పైవాళ్లకి పంపిన మెయిల్‌లో ఆ అమ్మాయి పేరు లేదు. ఇది ఎవరి ఖాతాలో రాయమంటారు, మెట్లదా, మనిషిదా?

షాప్‌ఫ్లోర్ అక్క:
ఆ మెయిల్‌లో మీరూ ఉన్నారు కదా తమ్ముడూ. రిప్లై ఆల్ కొట్టి ఆ పిల్ల పేరు రాశారా?