బేకింగ్ మొదలుపెడదామనుకుంటున్నా, ముందు ఏమేం కొనాలి? లిస్టు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి

ఖమ్మం_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. మా బాబుకి వచ్చే నెల 22న పుట్టినరోజు, ఈసారి కేక్ ఇంట్లోనే చేస్తా అని వాడికి మాటిచ్చేశా, వాడేమో వీధంతా చెప్పేశాడు. నిన్న రాత్రి షాపింగ్ యాప్‌లో బేకింగ్ సామాన్లు అని వెతికి కనిపించినవన్నీ కార్ట్‌లో వేసుకుంటూ పోయా... ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్), స్టాండ్ మిక్సర్, టర్న్‌టేబుల్, క్రీముతో డిజైన్లు వేసే 52 నాజిల్స్ సెట్టు, సిలికాన్ మౌల్డులు, ఇంకా పేరు కూడా తెలియనివి నాలుగైదు. మా ఆయన తొంగి చూసి ఏంటి బేకరీ పెడుతున్నావా అన్నారు, అప్పుడు మొత్తం చూసుకుంటే గుండె ఆగింది.

ఇంట్లో ఉన్నవి చెప్తా: 5 లీటర్ల పాత కుక్కరు, మైక్రోవేవ్ (కన్వెక్షన్ లేదు, అన్నం వేడి చేసుకునేదే), మిక్సీ. పోయిన ఆదివారం కుక్కర్లో ఒకసారి ట్రై చేశా. అడుగు మాడి బొగ్గయిపోయింది, మధ్యలో పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటుకుని వచ్చింది. కొలతలు రెసిపీలో ఉన్నట్టే వేశా, కప్పు అంటే మా టీ కప్పే. అదేనా తప్పు? గుడ్డు వెయ్యకూడదు, అత్తయ్య తినరు. నిజంగా ఏది లేకపోతే పని జరగదో అవి మాత్రం చెప్పండి ప్లీజ్.

బెజవాడ_వంటిల్లు:
అమ్మా, ముందు ఆ కార్ట్ ఖాళీ చెయ్యి. నేను ఏడేళ్ళుగా చేస్తున్నా, ఇంటి నుంచే ఆర్డర్లు కూడా తీసుకుంటా, మొదటి ఏడాది కొన్న వాటిల్లో సగం అటక మీదున్నాయి. నాజిల్స్ సెట్టులో ఇప్పటికీ వాడేది మూడే.

టీ కప్పు సంగతి. అన్నీ ఆ కప్పుతోనే కొలిస్తే మైదా, పంచదార, పెరుగు, నూనె పాళ్ళు కుదిరిపోతాయి, కానీ బేకింగ్ పౌడరు, సోడా స్పూన్లతో వేస్తాం కదా, అవి మాత్రం రెసిపీ వాళ్ళ పెద్ద కప్పు లెక్కకి పడిపోతాయి. రెసిపీల్లో కప్పంటే 240 మి.లీ. దగ్గర, కొందరికి 250. టీ కప్పు అందులో సగం పట్టొచ్చు. అంటే నీ కేకులో సోడా రెట్టింపు పడినట్టు. కాస్త చేదుగా, సబ్బు వాసనగా అనిపించిందా? అయితే ఇదే.

అందుకే నన్నడిగితే మొదట కొనాల్సింది ఓవెన్ కాదు, తూకం. గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ తూకం. నేను కొన్నప్పుడు నాలుగొందల లోపే పడింది. నా దగ్గర నేర్చుకోడానికి వచ్చే పిల్లలతో మొదటి రోజు ఒక పని చేయిస్తా. ఒకే కప్పుతో ఒకసారి మైదా డబ్బాలో ముంచి తీసి గీసెయ్యమంటా, ఇంకోసారి స్పూనుతో మెల్లగా నింపి గీసెయ్యమంటా. తూకంలో పెడితే మొదటిది 150 దాకా వస్తుంది, రెండోది 122, 125. ఒక్క కప్పులోనే పాతిక గ్రాముల తేడా! రెండు కప్పుల రెసిపీలో అది యాభై. కేకు ఒకసారి మెత్తగా, ఒకసారి ఇటుకలా వచ్చిందంటే చెయ్యి మంచిది కాదనుకుంటారు పాపం, చెయ్యి కాదు కప్పు.

రెండోది టిన్ను. అర కిలో కేకుకి 6 అంగుళాల గుండ్రటి అల్యూమినియం టిన్ను, ఎత్తు 3 అంగుళాలది తీసుకో. 8 అంగుళాలదైతే పెద్దగా వస్తుందని ఆశపడకు, 6 దాని వైశాల్యం 28 చదరపు అంగుళాలు, 8 దానిది 50, అదే పిండి అందులో పోస్తే దిబ్బరొట్టె మందం కూడా రాదు. సిలికాన్ మౌల్డులు ఇప్పుడొద్దు, వాటిల్లో అంచులు సరిగ్గా రంగు తిరగవు.

మూడోది కొలత స్పూన్లు, టీస్పూన్ 5 మి.లీ., టేబుల్ స్పూన్ 15. ఇంట్లో స్పూన్లు ఒక్కొక్కటి ఒక్కో సైజు. ఇక సిలికాన్ గరిటె ఒకటి, చేత్తో గిలక్కొట్టే తీగల విస్క్ ఒకటి. జల్లెడ ఇంట్లోదే చాలు, చల్లార్చే స్టాండుకి పుల్కాలు కాల్చే జాలీ వాడు.

వరంగల్_పోరడు:
అక్కా ఓటీజీ కొనేముందు ఒక్క ముచ్చట చూస్కో, ప్లగ్గు. నేను కొత్తల తెచ్చి వంటింట్ల టీవీకి పెట్టే చిన్న సాకెట్ల పెట్టిన, ఇరవై నిమిషాలకి ప్లాస్టిక్ కాలిన వాసన, పిన్ను పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. 1500 వాట్లది 230 వోల్టుల మీద ఆరున్నర ఆంప్స్ గుంజుతది, చిన్న సాకెట్ ఉండేదే 6 ఆంప్స్. గీజర్‌కి ఉంటది చూడు పెద్ద మూడు పిన్నులది, 16 ఆంప్స్, అది వంటింట్ల లేకుంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలువు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అస్సలు వద్దు.

కరెంటు బిల్లు అంటరు గానీ అంత ఏం రాదు, లోపల వేడి చేరినంక థర్మోస్టాట్ ఆపుకుంట పెట్టుకుంట ఉంటది, గంట నడిస్తే యూనిట్నర కన్న తక్కువే.

ఖమ్మం_అమ్మాయి:
అయ్యో సబ్బు వాసన నిజంగానే వచ్చిందండీ, నేను గిన్నె సరిగ్గా కడగలేదేమో అనుకున్నా 😭 మరి ఓటీజీ కొనాలా వద్దా? కుక్కర్లో అడుగు మాడకుండా ఏం చెయ్యాలి? ఇంకోటి, మా వదిన దగ్గర హ్యాండ్ బ్లెండర్ ఉంది, తెచ్చుకోనా?

బెజవాడ_వంటిల్లు:
హ్యాండ్ బ్లెండర్ వేరు, హ్యాండ్ బీటర్ వేరు, ఇక్కడే అందరం బోల్తా పడతాం. బ్లెండర్‌కి కింద బ్లేడు ఉంటుంది, చట్నీకి, సూపుకి. బీటర్‌కి రెండు తీగల బుట్టలు ఉంటాయి, అది గాలి నింపుతుంది. నేను మొదట్లో అమూల్ క్రీమ్ ప్యాకెట్టు బ్లెండర్‌తో కొట్టి కొట్టి చివరికి వెన్న తీశా. అసలు ఆ ప్యాకెట్లో కొవ్వు 25 శాతమే, అది కేకు మీద నిలబడేలా పొంగదు, విప్పింగ్ క్రీమ్ అని విడిగా అడగాలి. ఆ వెన్నతో మా అత్తగారు పెసరట్లు వేశారు, అది వేరే కథ.

నువ్వు చేసే పెరుగు, నూనె కేకుకి బీటరే అక్కర్లేదు. పొడి, తడి విడివిడిగా కలిపి చివర్లో ఒకటి చేసి, పొడి పిండి కనపడటం ఆగగానే గరిటె ఆపెయ్యాలి, ఎక్కువ తిప్పితే సాగుతుంది. బటర్, పంచదార కలిపి తెల్లగా నురగలా చేసే కేకులకి, పైన క్రీముకి మాత్రం బీటర్ కావాలి. 22కి క్రీమ్ పెడతానంటే కొను.

కుక్కరుకి: గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసెయ్. అడుగున స్టాండు లేదా బోర్లించిన స్టీలు గిన్నె పెట్టు, టిన్ను అడుగుకి తగలకూడదు, నువ్వు నేరుగా పెట్టి ఉంటావు. నీళ్ళు పొయ్యకు. మూతపెట్టి పది నిమిషాలు మీడియం మంట, టిన్ను పెట్టాక పూర్తి సిమ్. నలభై నిమిషాల లోపు మూత తియ్యకు. ఖాళీ కుక్కరు అలా కాల్చడం దానికి మంచిది కాదు కాబట్టి నీ పాతదాన్ని ఇక దీనికే వదిలెయ్, మళ్ళీ పప్పు వండకు.

వైజాగ్_సముద్రం:
పై ఆవిడ చెప్పినవన్నీ కరెక్టే, కానీ కుక్కరు మీద నాకంత నమ్మకం లేదండి. కేకు ఉడుకుతుంది గానీ పైన రంగు రాదు, బిస్కెట్లు, బన్నులు అసలు కుదరవు. నెలకి రెండు మూడుసార్లు చేస్తామనుకుంటే ఓటీజీ కొనేయడమే, 28, 30 లీటర్లది ఇంటికి చాలు. మరీ చిన్నవి, 10 లీటర్లవి వద్దు, పొంగిన కేకు పై రాడ్డుకి ఆనుతుంది.

కొంటే మాత్రం దాంతోపాటే ఓవెన్ థర్మామీటర్ కొనండి, లోపల కడ్డీకి తగిలించేది. నా కేకులు రోజూ మధ్యలో కొండలా లేచి పగిలిపోయేవి, ఎన్ని రెసిపీలు మార్చానో, చివరికి థర్మామీటర్ పెడితే నాబ్ 180 అంటోంది, లోపల 205! ఇప్పుడు 160 దగ్గర తిప్పుకుంటా, కేకు చదునుగా వస్తోంది. ఓటీజీ మీది లైటు ఆరగానే వేడెక్కిపోయిందని నమ్మకండి, పదిహేను నిమిషాలు వదిలాక పెట్టండి.

బటర్ పేపర్ విషయం ఎవరూ చెప్పలేదు. కిరాణా కొట్లో బటర్ పేపర్ అని ఇచ్చే పల్చటిది నూనె రాయకుండా వేస్తే కేకుకే అతుక్కుపోతుంది, పీకితే అడుగు ఊడొస్తుంది. బేకింగ్ పేపర్, పార్చ్‌మెంట్ అని అడగండి.

డాలస్_గుంటూరోడు:
ఇక్కడ అమెరికాలో ఓవెన్ ఇంటితోనే వస్తుంది కాబట్టి ఆ బాధ లేదు గానీ నాది ఉల్టా కష్టం, అమ్మ పంపే రెసిపీలన్నీ గ్రాముల్లో, సెల్సియస్‌లో, మా ఓవెన్ ఫారెన్‌హీట్‌లో. మీరు అమెరికా వీడియోలు చూసి చేస్తే 350 అన్నప్పుడు మీ ఓవెన్‌లో 175, 180 పెట్టుకోవాలి. ఒక స్టిక్ బటర్ అంటే 113 గ్రాములు. మా ఫ్రెండ్ వాళ్ళ చెల్లి స్టిక్ అంటే అరకిలో ప్యాకెట్టు అనుకుంది, కేకు నూనెలో తేలిందట.

ఖమ్మం_అమ్మాయి:
అప్‌డేట్ ఇద్దామని వచ్చా. తూకం, 6 అంగుళాల టిన్ను, స్పూన్ల సెట్టు, బేకింగ్ పేపరు కొన్నా, గరిటె ఒకటి. మొత్తం వెయ్యికి కాస్త అటూఇటూ అయింది. మా టీ కప్పు తూకం మీద పెట్టి నీళ్ళు పోసి చూశా, 130 గ్రాములే పట్టింది!! నిన్న మళ్ళీ కుక్కర్లోనే చేశా, స్టాండు పెట్టి, సిమ్‌లో, 45 నిమిషాలకి పుల్ల పొడిగా వచ్చింది. పైన రంగు తెల్లగానే ఉంది, వైజాగ్ గారు చెప్పినట్టే. అత్తయ్య టీతో తిని ఇంకాస్త తీపి ఉండాలి అన్నారు, అంటే నచ్చినట్టే లెక్క మా ఇంట్లో. ఓటీజీ దసరాకి చూద్దాం అన్నారు మా ఆయన. బీటర్ వదిన వాళ్ళ పక్కింట్లో ఉందట, అడిగి తెచ్చుకుంటా. నాజిల్స్ కొనలేదు, పేరెలా రాయాలి మరి?

బెజవాడ_వంటిల్లు:
మందంగా ఉన్న ప్లాస్టిక్ కవరుని గోరింటాకు కోన్‌లా చుట్టి మొన సన్నగా కత్తిరించు, పేరుకి అది చాలు. మన ఎండలకి క్రీమ్ కొట్టే గిన్నె, బీటర్ పుల్లలు అరగంట ముందే ఫ్రిజ్‌లో పెట్టు, కింద ఐసు నీళ్ళ గిన్నె ఉంచుకుని కొట్టు. ముందు పళ్ళెం మీద రెండుసార్లు రాసి చూసుకో, బాబు పేరు పెద్దదైతే ముద్దుపేరు రాసెయ్.