చంద్ర బిలాలు ఏ తిథినాడు బాగా కనిపిస్తాయి? మీ అనుభవాలు తెలుపగలరు

నెలవంక:
రెండు నెలల క్రితం 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు కొనుక్కుని, పౌర్ణమి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశాను. తీరా చూస్తే చంద్రుడు కళ్లు చెదిరే వెలుగుతో తెల్లటి పళ్లెంలా కనిపించాడే తప్ప, బిలాల లోతుగానీ అంచుల ఎత్తుగానీ ఏమాత్రం తెలియలేదు. దక్షిణాన ఒక ప్రకాశవంతమైన బిలం నుంచి నలువైపులా పాకిన తెల్లని చారలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. లోపం పరికరంలో ఉందా, నేను ఎంచుకున్న రాత్రిలో ఉందా?

నిశివీక్షణం:
నెలవంక గారూ, మీ పరికరంలో ఏ లోపమూ లేదు. పౌర్ణమినాడు సూర్యకాంతి మన వెనుక నుంచి నేరుగా చంద్రుడి మీద పడుతుంది కనుక మనకు నీడలు కనబడవు, నీడ లేనిదే ఎత్తుపల్లాలు తెలియవు. బిలాలను వెలుగూ చీకటీ కలిసే సరిహద్దు వెంబడి చూడాలి. అక్కడ సూర్యుడు అప్పుడే ఉదయిస్తుంటాడు కాబట్టి చిన్న గట్టు కూడా పొడవాటి నీడ పరుస్తుంది. శుక్ల షష్ఠినాడు థియోఫిలస్, అష్టమినాడు టాలెమేయస్, అల్ఫోన్సస్, అర్జాకెల్ అనే మూడు బిలాల వరుస, దశమికల్లా కోపర్నికస్ ఆ సరిహద్దుకు చేరతాయి.

ఒక దశమి రాత్రి 150 మిల్లీమీటర్ల టెలిస్కోపులో కోపర్నికస్‌ను దాదాపు రెండు గంటలు వదలకుండా చూశాను. 93 కిలోమీటర్ల వెడల్పున్న ఆ బిలం అడుగంతా సిరా పోసినట్టు నల్లగా ఉండగా, పడమటి గోడ పైఅంచు ఒక్కటే సన్నని వెండి తీగలా వెలుగుతోంది. నేను చూస్తుండగానే ఆ వెలుగు అంచు కింద ఉన్న మెట్టుకు నెమ్మదిగా దిగింది. చంద్రుడి మీద సూర్యోదయాన్ని కళ్లారా చూశానన్న ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

గగనవీధి:
ఒక చిన్న హెచ్చరిక. కొన్నిసార్లు బిలాలు గుంటల్లా కాక బోర్లించిన గిన్నెల్లా కనిపిస్తాయి. వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో ముందుగా గుర్తుచేసుకుంటే ఆ భ్రమ వెంటనే తొలగిపోతుంది.

నెలవంక:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక సందేహం: ఉల్కలు అన్ని కోణాల్లోనూ వచ్చి పడి ఉంటాయి కదా, మరి బిలాలన్నీ దాదాపు గుండ్రంగానే ఎందుకున్నాయి?

శిలారేఖ:
ఈ ప్రశ్న శాస్త్రవేత్తలనూ చాలాకాలం వేధించింది, బిలాలు అగ్నిపర్వతాల నోళ్లే అయి ఉంటాయని వాదించినవారికి అది ఒక బలమైన ఆధారంగానూ నిలిచింది. అయితే సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో వచ్చే రాయి నేలను తవ్వుకుంటూ పోదు. తాకిన చోటనే దాని శక్తి అంతా పేలుడులా విడుదలై, అన్ని వైపులకూ సమానంగా విస్తరిస్తుంది. నేలను రాసుకుంటూ వచ్చినంత ఏటవాలుగా తగిలినప్పుడు మాత్రమే బిలం సాగుతుంది. ఫలవంత సముద్రం అని పిలిచే మైదానంలోని మెస్సియర్ అందుకు చక్కని ఉదాహరణ. కోలగా ఉన్న ఆ బిలం పక్కనే ఉన్న జంట బిలం నుంచి రెండు తెల్లని చారలు తోకచుక్క తోకలా పడమటికి సాగి ఉంటాయి.

పరిమాణాన్ని బట్టి కూడా రూపం మారుతుంది. సుమారు 15 కిలోమీటర్ల లోపు బిలాలు గిన్నెల్లా ఉంటాయి; అంతకంటే బాగా పెద్దవాటిలో గోడలు మెట్లు మెట్లుగా కిందికి జారి, దెబ్బకు అణగిన నేల నడుమ తిరిగి పైకి ఉబికి శిఖరంగా నిలుస్తుంది.

ఇక మీ పౌర్ణమి వృథా పోలేదని నా అభిప్రాయం. మీరు చూసిన చారలు 85 కిలోమీటర్ల టైకో బిలం ఏర్పడినప్పుడు ఎగిరిపడిన పదార్థం, వాటిని చూడడానికి పౌర్ణమే తగిన రాత్రి. 1972లో అపోలో 17 తెచ్చిన నమూనాల ఆధారంగా టైకో వయసు సుమారు 10.8 కోట్ల సంవత్సరాలని అంచనా వేశారు. చంద్రుడి లెక్కలో అది పసితనమే. కాలం గడిచేకొద్దీ సౌరపవనమూ (సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహం) సూక్ష్మ ఉల్కలూ ఇలాంటి చారలను మసకబారుస్తాయి.

నెలవంక:
నిన్న షష్ఠి. థియోఫిలస్ దొరికింది. దాని గట్టు పక్కనున్న సిరిల్లస్ బిలం అంచును చెరిపేసి లోపలికి చొచ్చుకుపోయి ఉంది. రెండింటిలో ఏది తరువాత పుట్టిందో నా చిన్న టెలిస్కోపులోనే తెలిసిపోయింది. దశమినాడు కోపర్నికస్ చూసి మళ్లీ రాస్తాను.