ముక్కుసూటిగా పోతే ఎంత దూరం?

మాస్టార్లకీ పెద్దలకీ ఒక ప్రశ్నండి. మా బళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలకి ఒక లెక్క తయారు చేస్తున్నాను. మధురపూడి నుంచి, అంటే మన రాజమండ్రి విమానాశ్రయం నుంచి, శంషాబాద్‌కి మ్యాపు మీద గీత గీస్తే సుమారు 360 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే 400 దాటిపోతుంది. ఆ మొదటి దూరాన్ని తెలుగులో ఏమనాలి? 'కాకి ఎగిరే దూరం' అని ఎక్కడో చదివాను, ఎందుకో మింగుడు పడలేదు. మన కాకి చుట్టాలొస్తున్నారని చెబుతుంది గానీ దూరాలు కొలవదు కదా!

— 'విమాన దూరం' అంటే సరిపోద్ది కదండీ?

సరిపోదండి. విమానం గీత పట్టుకుని పోదు. గాలివాటం చూసుకుని రన్‌వేకి ఏదో ఒక కొస నుంచి లేస్తుంది, దిగేముందు మళ్ళీ చుట్టు తిరుగుతుంది. అది నడిచిన దూరం ఎప్పుడూ గీతకన్నా ఎక్కువే.

— మాది నరసాపురం. రేవులో నిలబడితే అవతల సఖినేటిపల్లి గట్టు కనబడుతుంది. పంటు ఎక్కితే కాసేపట్లో అక్కడుంటాం. పంటు ఆగిపోయిన రోజున చించినాడ వంతెన మీదుగా పోవాలి. మా నాన్నగారు 'అడ్డంగా అయితే ఇంతే, చుట్టూ అయితే పూట పడుతుంది' అనేవారు. గోదారి పక్కన పుట్టినవాడికి మీరడిగే తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. అడ్డం, చుట్టు. అంతే.

— ఆమడని మర్చిపోయారా? పాత లెక్కలో నాలుగు క్రోసులు, దగ్గర దగ్గర ఎనిమిది మైళ్ళు. ఆ లెక్కన శంషాబాద్ మనకి 28 ఆమడలు! పాపం, ఇప్పుడా మాట 'అప్పులవాణ్ణి చూస్తే ఆమడ దూరం' అనడానికే మిగిలింది. నాకైతే కూతవేటు ఇంకా ఇష్టం. కేకేస్తే వినబడేంత దూరం. అందులోని 'వేటు' బాణపు వేటులాంటిదే, గొంతుతో విసరడం. కొలబద్ద అక్కర్లేదు, గొంతుంటే చాలు.

బాగుందండి. కానీ 'అడ్డంగా' అని రాస్తే మెట్ట పిల్లలు అడ్డదారి అనుకుంటారేమోనని నా భయం. సరళరేఖా దూరం పుస్తకాల మాట, ఇంటికెళ్ళి ఎవరూ అనరు. ముక్కుసూటిగా పో అని రోజూ అంటాం కాబట్టి 'సూటి దూరం' అని రాసేశాను.

— మీ సూటి దూరం మా ఇంట్లో పనిచెయ్యదండీ. మాది అంబాజీపేట. అబ్బాయి హైదరాబాద్‌లో విమానం ఎక్కుతూ 'గంటలో దిగిపోతా' అని ఫోను చేస్తాడు. ఆ చిన్న ఏటీఆర్ గాల్లో ఉండేది ముప్పావు గంటో, ఇంకాస్తో. టికెట్టు మీద గంట పైనే వేస్తారు. బయల్దేరిన చోటు నుంచి రన్‌వే దాకా నేలమీద దొర్లేదీ, దిగాక ఆగేదాకా పట్టేదీ అందులోనే. మా అత్తగారికి ఇవేం పట్టవు, గంట అనగానే ఎసరు పెట్టేసేవారు. మధురపూడి నుంచి మా ఇంటికి కారులో రెండు గంటలు. రెండుసార్లు అన్నం చల్లారిపోయింది. ఇప్పుడు ఆవిడే ఫోను లాక్కుని 'విమానం సంగతి నాకొద్దు, రావులపాలెం దాటాక చెప్పరా' అంటున్నారు.